పోట్లాట పీరియడ్

ఆ బడిలో ఎవరికైనా జలుబు చేస్తే అందరికంటే ముందు సంతోషించే మనిషి ఒకాయన ఉండేవాడు. చెడ్డవాడు కాదు, ఒకరి కీడు కోరే రకమూ కాదు. ఆయన ఉద్యోగమే అలాంటిది. ఏ టీచరైనా రాకపోతే ఆ క్లాసుకు వెళ్ళి, పిల్లలు కప్పు ఎగరగొట్టకుండా గంట కొట్టేదాకా కూర్చోబెట్టాలి. ఖాళీ పీరియడ్లు చూసుకునేవాడు గనక అందరూ ఆయన్ని ఖాళీ మాస్టారు అనేవారు. అసలు పేరేమిటో ఆఫీసు గుమాస్తా కూడా కాసేపు తల గోక్కుంటే గానీ చెప్పలేకపోయేవాడు.

పొద్దున స్టాఫ్ రూములో అడుగు పెట్టగానే ఆయన ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, "ఒంట్లో ఎలా ఉందండీ?" అని అడిగేవాడు. ఆ అడగడంలో ఎంత శ్రద్ధ ఉండేదంటే అవతలివాళ్ళకు అప్పటికప్పుడు ఒళ్ళు వెచ్చబడినట్టుండేది. "బాగానే ఉందండీ" అంటే ఆయన ముఖం వాడిపోయేది. "కొంచెం నలతగా ఉంది" అంటే కళ్ళు మెరిసేవి. సైన్సు టీచరమ్మ ఆయన చూపుకు భయపడి ఏళ్ళ తరబడి తుమ్మడమే మానేసిందనీ, దాచుకున్న తుమ్ములన్నీ రిటైరైన రోజు సాయంత్రం కట్టగట్టుకుని రావడంతో పక్కింటి కిటికీ అద్దం పగిలిందనీ చెప్పుకుంటారు. అద్దం సంగతి కాస్త అటూ ఇటూ కావచ్చు. తుమ్ముల సంగతి మాత్రం నిజం.

అది కాన్వెంటు బడి. గేటు మీద లాటిన్‌లో ఏదో చెక్కి ఉండేది. దాని అర్థం తెలిసిన ఆఖరి మనిషి ఎప్పుడో పోయాడు. జ్ఞానమే వెలుగు అని కొందరూ, గోడకు ఆనుకుని నిలబడరాదు అని కొందరూ అనేవారు. బడి నడిచే తీరు చూస్తే రెండో అర్థమే సరైనదనిపించేది. లోపల అన్నిటికీ గంటే. గంట కొడితే లేవాలి, గంట కొడితే కూర్చోవాలి, గంట కొడితే దేవుణ్ణి తలుచుకోవాలి. మళ్ళీ గంట కొడితే ఆయన్ని వదిలేసి భూగోళం పుస్తకం తియ్యాలి.

ఆ బడి హెడ్‌మిస్ట్రెస్‌ను పెద్ద సిస్టర్ అనేవారు. ప్రతి ఏడాదీ వేసవి సెలవుల ముందు ఆమె ఖాళీ మాస్టారిని పిలిచి, "మీ పర్మనెంట్ సంగతి వచ్చే ఏడాది చూద్దాం" అనేది. వచ్చే ఏడాది వచ్చేది, చూసేది, పోయేది. చివరికి ఆ సంవత్సరం మొదట్లోనే ఆమె చెప్పేసింది: "ఇంక ఇలా నానబెట్టడం కుదరదని కమిటీ అంటోంది. ఏడాది చివర్లో తేల్చేస్తాం. ఉంచుకుంటే పూర్తిగా ఉంచుకుంటాం, లేదంటే పంపించేస్తాం." నడివయసు దాటిన మనిషికి ఇంకో బడిలో ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? పైగా ఖాళీగా ఉండటం తప్ప ఆయనకు చేతనైనదీ ఏమీ లేదు.

ఆయన అలా తయారుకావడం వెనక చిన్న చరిత్ర ఉంది. గొంతు పెద్దదైన ఇంట్లో మధ్యలో పుట్టాడు. పైవాళ్ళు అరిచేవాళ్ళు, కిందివాళ్ళు ఏడ్చేవాళ్ళు, మధ్యలో ఈయన అందరి మాటకూ తలూపేవాడు. "అమ్మా" అనకముందే "సరే" అన్నాడని వాళ్ళక్క ఇప్పటికీ చెబుతుంది. తను చదువుకున్న బడిలో ఎవరో బోర్డు మీద సిస్టర్ బొమ్మ గీసి మీసాలు పెడితే, "నువ్వేనా?" అని ఆమె అడిగినందుకు ఈయనే ఒప్పుకున్నాడు. కాదంటే ఆమె చిన్నబుచ్చుకుంటుందని. వృక్షశాస్త్రంలో డిగ్రీ తెచ్చుకుని, మొదట ప్రెషర్ కుక్కర్లు అమ్మే కొట్టులో చేరాడు. ఇంటింటికీ తిరిగి అమ్మాలి. తలుపు తీసిన ఆవిడ "మాకొద్దు బాబూ" అనగానే, "నిజమేనండీ, ఉన్న గిన్నెలు చాలవా ఏంటి" అని ఒప్పుకుని, మంచినీళ్ళు తాగి వచ్చేసేవాడు. అలా వీధి వీధంతా ఒప్పుకున్నాక కొట్టు యజమాని దండం పెట్టి పంపించేశాడు.

పెళ్ళి మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. ఆయన భార్య నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కౌంటర్లో పనిచేసేది. ఊళ్ళో ఎవరి కుళాయి ఎండినా, ఎవరి వీధిలో గొట్టం పగిలినా వాళ్ళ కోపమంతా మోసుకొచ్చి ఆమె ముందు దించేవారు. రోజంతా అలాంటివాళ్ళతో గడిపిన మనిషికి ఇంట్లో మొగుడు పెట్టే పోట్లాట ఒక లెక్కా?

ఒకసారి ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. "నా పుస్తకాల అర మీద నీ కుట్టుమిషను పెట్టావేంటి? ఇదేం పద్ధతి?" అని గొంతు పెంచాడు.

ఆవిడ చేతిలో పని పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "అంటే మీరనేది, ఆ అర మీరు ముచ్చటపడి చేయించుకున్నారు. నా వస్తువు ఏదైనా కదపాలంటే మీరు నన్నడుగుతారు. నేనేమో చెప్పా పెట్టకుండా మిషను తెచ్చి పెట్టేశాను. ఈ ఇంట్లో మీకంటూ ఉన్నది ఆ కాస్త చోటే, అదీ లాగేసుకున్నాననిపించింది. ఇదేనా మీరన్నది?"

ఆయనన్నది అందులో పావు వంతు కూడా లేదు. కానీ అనాలనుకున్నది అదే. తన మనసులో మాట అంత చక్కగా ఇంకొకరి నోట వినేసరికి కోపం కాస్తా దిగిపోయింది. "అదేనోయ్" అని లేచి, మిషనుకు వెలుతురు చాలదేమోనని అరను కిటికీ దగ్గరికి జరిపి, పుస్తకాలు మంచం కింద పెట్టుకున్నాడు. వాళ్ళ కాపురంలో పోట్లాటలన్నీ ఇలాగే ముగిసేవి. ఆవిడ ఇంకా నోరు విప్పి తన మాట చెప్పనేలేదని ఆయనకు ఎప్పుడూ తట్టలేదు.

ఆ ఏడాది లెక్కల మాస్టారికి పన్ను పుచ్చింది. ఆయన బడికి వైస్ ప్రిన్సిపాల్ కూడా. పన్ను పీకించుకోడానికి వెళ్ళిన రోజు ఖాళీ మాస్టారు ఏడో తరగతిలోకి అడుగు పెట్టేసరికి ఫ్యాను కింద చోటు కోసం యుద్ధం జరుగుతోంది. ఒకవైపు సైరన్ అని పిలిచే పిల్ల. ఆ పిల్ల "ప్రెజెంట్ సార్" అంటే వీధి చివర సైకిళ్ళు పక్కకు తప్పుకునేవి. రెండోవైపు చీమ అని పిలిచే పిల్లాడు. చిన్నగా ఉంటాడు, ఒకసారి పట్టుకుంటే వదలడు.

"సార్, వీడు నా చోట్లో కూర్చున్నాడు."

"నీ పేరు రాసుందా ఏంటి?"

"నిన్నంతా ఇక్కడ కూర్చున్నదెవరు?"

"నిన్నటి చోట్లో కూర్చో పో. ఇది ఇవాల్టిది."

బడి పద్ధతి ప్రకారం ఇద్దర్నీ మోకాళ్ళ మీద నిలబెట్టి, ఆ చోట్లో మూడోవాణ్ణి కూర్చోబెట్టాలి. ఖాళీ మాస్టారికి ఎవరినైనా దండించడం చేతనయ్యేది కాదు. ఏం చెయ్యాలో తోచక భార్య పద్ధతి గుర్తు చేసుకున్నాడు.

"సైరనూ, వాడేమంటున్నాడో చెప్పమ్మా."

"వాడు దొంగ సార్."

"అది నువ్వంటున్నది. వాడేమంటున్నాడు?"

సైరన్ బిక్కముఖం వేసింది. ఏడేళ్ళ చదువులో ఇలాంటి ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. "ముందొచ్చినవాళ్ళదే చోటు అంటున్నాడు" అంది చివరికి.

"అదేనారా నువ్వన్నది?"

"కాదు సార్. నాకు అరచేతులు చెమటలు పడతాయి. రాసిందంతా అలుక్కుపోతుంది. రాత బాగాలేదని మార్కులు కోస్తున్నారు. అందుకని ఫ్యాను కింద కావాలి."

"ఇది ఎప్పుడన్నావురా నువ్వు?" అంది సైరన్.

"నువ్వు అననిస్తే గదా."

సైరన్ అదంతా తిరిగి చెప్పింది. "అవును, నేనన్నది ఇదే" అని చీమ ఒప్పుకున్నాక, ఇప్పుడు సైరన్ మాట వాడు చెప్పాల్సి వచ్చింది. వాడు మొదటిసారి తప్పు చెప్పాడు, రెండోసారి వెటకారంగా చెప్పాడు, మూడోసారి క్లాసంతా గోల పెడితే సరిగ్గా చెప్పాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఇరుక్కుని ఒకే చోట్లో కూర్చున్నారు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ఆ బడి పుట్టాక అలా జరగడం అదే మొదలు.

దానికి పోట్లాట పీరియడ్ అని పేరు పెట్టింది పిల్లలే. రూల్సు కూడా వాళ్ళే కట్టారు. ఎదుటివాళ్ళ మాట వాళ్ళు ఒప్పుకునేలా చెప్పాకే నీ మాట చెప్పాలి. పాత గొడవలు తవ్వకూడదు. ఇంట్లోవాళ్ళ ఊసెత్తకూడదు. పోట్లాడటానికి విషయాలకేం కొదవ? హోంవర్కు ఎందుకు? చచ్చిన కప్పను పాతిపెట్టాలా, సైన్సు ల్యాబుకివ్వాలా? వర్షం చప్పుడులో చేసిన ప్రార్థన దేవుడికి వినిపిస్తుందా? ఈ చివరి దాని మీద క్లాసు రెండుగా చీలిపోయి, దేవుడు చెవులతో వినడని ఒక వర్గమూ, వినకపోతే పెద్ద సిస్టర్ అంత గట్టిగా ఎందుకు అరిపిస్తుందని రెండో వర్గమూ పట్టుబట్టాయి.

పీరియడ్ ఎప్పుడొస్తుందన్నదే చిక్కు. ఎవరైనా మంచాన పడితేనే వస్తుంది. పొద్దుటి ప్రార్థనలో "మీ కోరిక మనసులో కోరుకోండి" అన్నప్పుడు ఏడో తరగతి తరగతంతా లెక్కల మాస్టారి పళ్ళ గురించి కోరుకునేది. దేవుడు పిల్లల మాట వింటాడనడానికి ఆయన నోరే సాక్ష్యం. ఏడాది సగానికి వచ్చేసరికి ఆయన నవ్వితే సెలవుల్లో క్లాసురూములా ఉండేది.

క్లాసులో మొదలైనది క్లాసులో ఆగలేదు. సైరన్ వాళ్ళ నాన్నకు ఊళ్ళో పెద్ద ఫ్యాన్ల కొట్టు ఉంది. బడిలో తిరిగే ఫ్యాన్లన్నీ ఆయనిచ్చినవే గనక కమిటీలో కూడా ఉన్నాడు. ఇంట్లో ఆయన మాటకు ఎదురుండేది కాదు. ఆయన మాట్లాడితే మిగతావాళ్ళు గాలికి తలలూపినట్టు ఊపేవాళ్ళు. ఒకరోజు అన్నం దగ్గర భార్య మీద కేకలేస్తుంటే కూతురు మధ్యలో చెయ్యెత్తింది.

"నాన్నా, ఆగండి. అమ్మ ఏమందో ముందు మీరు చెప్పండి."

"ఏంటే?"

"అమ్మ ఇందాక ఒక మాటంది. అదేంటో చెప్పాకే మీరు అరవాలి."

ఆయనకు గుర్తు లేదు. వింటే కదా గుర్తుండటానికి. పక్కనే ఆయన తల్లి ముద్ద మింగి, "చెప్పరా అబ్బాయ్. నీ పెళ్ళైనప్పట్నుంచీ నేనూ విందామనే చూస్తున్నా" అంది. ఆ పూట ఆయన సగం కంచంలో చెయ్యి కడుక్కున్నాడు.

అయినా అప్పుడు బడికి వచ్చి గొడవ పెట్టుకోలేదు. ఎందుకంటే కూతురి గొంతు మీద ఆయనకో పెద్ద ఆశ ఉంది. ఊళ్ళో బడులన్నిటికీ కలిపి ఏటా వక్తృత్వ పోటీ జరిగేది. గెలిచిన బడికి ఒక వెండి షీల్డు. అది ఏళ్ళ తరబడి వీళ్ళ బడి అద్దాల బీరువాలోనే ఉండేది. హిస్టరీ టీచరు ఉపన్యాసం రాసిచ్చేవాడు, పిల్లలు బట్టీ పట్టేవాళ్ళు, బల్ల మీద గుద్దాల్సిన చోట ఎర్ర సిరాతో గీత ఉండేది. ఆ ఏడాది బడి తరఫున సైరన్‌ను నిలబెట్టారు.

అంశం, "బడి పిల్లలకు ముందుగా నేర్పవలసింది క్రమశిక్షణా, స్వేచ్ఛా?" వీళ్ళది క్రమశిక్షణ. ఇంకేం వస్తుంది? ఫ్యాన్ల కొట్టు ఆయన ముందు వరసలో కూర్చుని ఫొటోగ్రాఫర్ని కూడా పెట్టుకున్నాడు.

అవతలి బడి నుంచి వచ్చిన రెండు జడల అమ్మాయి భయస్తురాలు. స్వేచ్ఛ గురించి ఏదో మొదలుపెట్టి, మధ్యలో మరచిపోయి, మొదలుకీ చివరకీ ముడి వెయ్యలేక కళ్ళనీళ్ళతో ఆపేసింది. సైరన్ లేచింది. ఎర్ర సిరా గీతల కాగితం బల్ల మీదే వదిలేసింది.

"ముందు తనన్నది చెబుతాను" అంది మైకు అక్కర్లేని గొంతుతో. "చెప్పినట్టు చేసే పిల్లలు, చెప్పేవాళ్ళు పక్కన లేనప్పుడు ఏం చేస్తారని తనడుగుతోంది. గంట కొడితే లేవడం నేర్పారు. గంట లేని చోట లేవాలో కూర్చోవాలో ఎవరు నేర్పుతారు? భయంతో చేసిన మంచి పని భయం పోగానే పోతుంది. కొంచెం తప్పు చేసే స్వేచ్ఛ బడిలోనే ఇస్తే, పెద్ద తప్పులు బయట చెయ్యరు. ఇదేనా నువ్వన్నది?"

రెండు జడల అమ్మాయి ముక్కు తుడుచుకుంది. "అవును. నాకంటే బాగా చెప్పావు."

హాలు మొత్తం చప్పట్లు. ఫ్యాన్ల కొట్టు ఆయన కూడా కొట్టాడు, ఫొటో తియ్యమని సైగ చేశాడు. సైరన్ చప్పట్లు ఆగేదాకా నిలబడి ఆలోచించింది.

"నాకూ అదే నిజమనిపిస్తోంది. థాంక్యూ" అని కూర్చుంది.

షీల్డు రెండు జడల బడికి వెళ్ళిపోయింది. ఫొటోలో ఫ్యాన్ల కొట్టు ఆయన నోరు తెరుచుకుని ఉన్నాడు. అద్దాల బీరువాలో షీల్డు ఉన్న చోట గుండ్రటి మరక ఒకటి మిగిలింది. ఆ పిల్లకు ఈ విద్య ఎవరు నేర్పారో తెలుసుకోడానికి పెద్ద సిస్టర్ ఏడో తరగతి వైపు ఒక్కసారి గట్టిగా చూస్తే సరిపోయింది. "ఎల్లుండి పది గంటలకు కమిటీ ముందుకు రండి" అని ఖాళీ మాస్టారికి కబురు వచ్చింది. పర్మనెంట్ సంగతి కూడా అక్కడే తేలుస్తారట. తేలేదేముంది, ఆయన మనసులో అప్పటికే సామాను సర్దేసుకున్నాడు.

మర్నాడు పొద్దున భార్యకు చెప్పాడు. "వాళ్ళు అనేదాంట్లో న్యాయం ఉందోయ్. నన్ను పంపించెయ్యడమే మంచిదేమో."

"మీ మాట చెప్పారా వాళ్ళకి?"

"నా మాటేముంది? నీ పద్ధతే కదా. ఎదుటివాళ్ళది చెప్పడం, వాళ్ళు అవుననడం. అక్కడితో అయిపోతుంది."

ఆవిడ ఆయన వంక వింతగా చూసింది. "అయిపోతుందా? ఇన్నేళ్ళూ మీరు అక్కడ లేచి వెళ్ళిపోతుంటే, పోన్లే పాపం అని ఊరుకున్నాను. ఇవాళ మా ఆఫీసుకొచ్చి వరసలో నిలబడండి. మొగుడినని ముందుకు రావద్దు."

వెళ్ళి నిలబడ్డాడు. ఇనుప ఊచల కౌంటరు, ఊచల సందుల్లోంచి కనిపించే ఆమె కళ్ళజోడు, గోడ మీద "ఓపిక పట్టండి" అనే బోర్డు. దాని మీద ఎవరో ఓపిక పట్టలేక తారు పూశారు. ముందు ఒక ముసలాయన ఖాళీ బిందె తెచ్చి కౌంటరు మీద ఠంగుమని పెట్టాడు.

"వారమైందమ్మా కుళాయిలో చుక్క లేదు. ఎదురింట్లో మాత్రం కారు కడుక్కుంటున్నారు. వాళ్ళకు ఎక్కణ్ణుంచి వస్తోంది?"

"మీరనేది తాతగారూ, నీళ్ళు లేకపోవడం ఒక ఎత్తు. ఎదురింటికి వస్తూ మీకు రాకపోవడం ఇంకో ఎత్తు. ముసలాణ్ణని లెక్కచెయ్యడం లేదనిపిస్తోంది. ఇదేనా?"

"అదే తల్లీ, అదే" అన్నాడు ముసలాయన, చల్లబడి. ఖాళీ మాస్టారు ఇంకేముందిలే అని బిందె ఎత్తివ్వబోయాడు.

"ఇప్పుడు నా మాట వినండి" అందామె. "మీ వీధి గొట్టం పగిలింది. మనుషులు ఇద్దరే ఉన్నారు. గురువారం దాకా రాలేరు."

"గురువారమా? అప్పటిదాకా బతికుండాలిగా నేను."

"గురువారం."

"మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. బోరింగు దాకా నడవలేదు. నేను మోస్తే నా నడుం పోతుంది. ఇద్దరం పడితే ఎవరెత్తుతారు?"

ఆమె ముందున్న పుస్తకం తిరగేసింది. "ఇది ఇందాక చెప్పలేదు మీరు. రేపు ట్యాంకరు మీ వీధి మీదుగా పంపిస్తాను. గొట్టం మాత్రం గురువారమే."

"బుధవారం చెయ్యి."

"గురువారం తాతగారూ."

ముసలాయన గొణుక్కుంటూ, కానీ నవ్వుకుంటూ వెళ్ళాడు. ఖాళీ మాస్టారు ఊచలు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. సినిమాకు వెళ్ళిన ప్రతిసారీ ఇంటర్వెల్లో ఇంటికొచ్చేసినవాడికి, తర్వాత కూడా కథ ఉందని ఎవరో చెప్పినట్టయింది. పాపం ఆ పిల్ల. ఇంటర్వెల్లో లేచొచ్చేవాడి దగ్గర నేర్చుకుంది గనకే ఇంటర్వెల్లో కూర్చుండిపోయింది.

మర్నాడు పెద్ద సిస్టర్ గదిలో ముగ్గురున్నారు. ఆమె, లెక్కల మాస్టారు, ఫ్యాన్ల కొట్టు ఆయన. లెక్కల మాస్టారు ఏదో ఘాటుగా అన్నాడు గానీ పళ్ళు లేకపోవడంతో ఆశీర్వదించినట్టు వినిపించింది. ఫ్యాన్ల కొట్టు ఆయన మాత్రం స్పష్టంగా చెప్పాడు. "మాస్టారూ, మీరు పిల్లలకు ఓడిపోవడం నేర్పుతున్నారు. దానికి బడెందుకండీ? ఇంట్లో కూర్చున్నా వస్తుంది."

ఖాళీ మాస్టారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మీరనేది, పిల్ల నలుగురిలో నిలబడి గట్టిగా మాట్లాడాలని పంపించారు. మీ చిన్నప్పుడు ఎవరి ముందూ మీరు నోరెత్తలేకపోయారు. అందుకని తన గొంతు వింటే మీకు గర్వం. నలుగురూ చూస్తుండగా ఆ గొంతు కూర్చుండిపోతే మీ గొంతే పోయినట్టయింది."

"చిన్నప్పటి సంగతి నేను అనలేదే."

"అనలేదండీ. హాల్లో మీ ముఖం చూశాను."

ఫ్యాన్ల కొట్టు ఆయన కిటికీ వైపు తిరిగి, "అవును. ఇదే" అన్నాడు.

సరిగ్గా ఇక్కడే ఖాళీ మాస్టారి కాళ్ళు అలవాటు కొద్దీ గుమ్మం వైపు తిరిగాయి. సరే, మీ ఇష్టం అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, "ఇప్పుడు నా మాట" అన్నాడు. ఆ రెండు మాటలూ ఆయన నోట్లో కొత్త చెప్పుల్లా కరిచాయి.

"వినడం నేర్పాను, విన్నాక నిలబడటం నేర్పలేదు. నాకే రాదు గనక. అది నా తప్పు. కానీ వినడం నేర్పినందుకు మాత్రం తప్పొప్పుకోను. ఈ బడిలో చెప్పింది అప్పజెప్పడం నేర్పుతాం. ఎదుటి మనిషి ఏమంటున్నాడో తెలుసుకునే పీరియడ్ టైంటేబుల్లో ఎక్కడా లేదు. ఎవరికైనా పన్ను పుచ్చినప్పుడే ఉంటోంది. దాన్ని టైంటేబుల్లో పెట్టండి. నన్ను పర్మనెంట్ చెయ్యండి. మిగతా సగం కూడా నేర్పుతాను."

పెద్ద సిస్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "వచ్చే ఏడాది చూద్దాం."

"కాదు సిస్టర్."

ఆయన నోట ఆ మాట ఆ గోడలు ఎప్పుడూ వినలేదు.

"మీరనేది, ఇంకో ఏడాది ఇలాగే గడిపేస్తే నాకు తిండి పోదు, మీకు మాట రాదు. ఇదేనా సిస్టర్?"

"ఇదే."

"కుదరదండీ."

"పోనీ షీల్డు తిరిగి తెస్తానని మాటివ్వండి."

"అదీ ఇవ్వలేనండీ."

ఆమె ఇంకేం చెయ్యాలో తోచక ఫ్యాన్ల కొట్టు ఆయన వైపు చూసింది. "ఆయన మాట మీరు చెప్పండి చూద్దాం. అప్పుడు తేలుద్దాం."

"చెప్పేదేముంది? నా కూతురు ఓడినా ఫర్వాలేదంటున్నాడు."

"నేనన్నది అది కాదండీ" అన్నాడు ఖాళీ మాస్టారు.

"బడి నియమాలన్నీ తీసెయ్యమంటున్నాడు."

"అదీ కాదండీ."

ఫ్యాన్ల కొట్టు ఆయనకు పట్టుదల వచ్చింది. బేరంలో ఇంతసేపు ఎవరూ ఆయన్ని నిలబెట్టలేదు. చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. "సరే. నా కూతురు ఎదుటివాళ్ళ మాట పూర్తిగా వినాలి. నిజమనిపిస్తే అవుననాలి, కాదనిపిస్తే కాదనాలి. ఎవరున్నారని చూడకుండా, రెండూ అనగలగాలి. అంతేనా?"

"అంతేనండీ."

"ఇప్పుడు నా మాట. నేనొప్పుకోను. షీల్డు షీల్డే."

"ఒప్పుకోనక్కర్లేదండీ."

ఆయన కాసేపు గింజుకున్నాడు. తర్వాత పెద్ద సిస్టర్‌తో, "పెట్టండి సిస్టర్, టైంటేబుల్లో పెట్టండి. ఈయన్ని సగంలో పంపించేస్తే మా పిల్లా సగంలోనే ఉండిపోతుంది. ఇంట్లో దాంతో పడాల్సింది నేను" అన్నాడు. లెక్కల మాస్టారు ఏదో అన్నాడు. అది కూడా ఆశీర్వాదంగానే లెక్కేసి, ఆమె గుమాస్తాను పిలిచి ఆర్డరు టైపు చెయ్యమంది. గుమాస్తా, "పేరేం రాయమంటారు?" అని అడిగి తల గోక్కున్నాడు.

మొదటి పోట్లాట పీరియడ్ శుక్రవారం పెట్టారు. ఎవరికీ జ్వరం రాకుండానే వచ్చిన పీరియడ్ కావడంతో ఖాళీ మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. రెండో సగం గురించి చెప్పాడు, బిందె తాతగారి గురువారం సంగతి చెప్పాడు. చివర్లో, "సైరనూ, మొన్న హాల్లో నువ్వు కూర్చోకుండా నిలబడి ఉండాల్సింది. అది నీ తప్పు కాదు, నేను నేర్పలేదు" అన్నాడు.

సైరన్ లేచింది. "ముందు మీరన్నది చెబుతాను సార్. ఎదుటివాళ్ళ మాట విన్నాక నా మాట మీద నేను నిలబడాలి. నిలబడలేదు గనక ఓడిపోయాను. ఇదేనా?"

"ఇదేనమ్మా."

"ఇప్పుడు నా మాట సార్. నేను నిలబడలేక కూర్చోలేదు. నాకు నిజంగానే తన మాట నచ్చింది. నచ్చాక కూడా నిలబడి కాదంటే అది అబద్ధం కాదా? అబద్ధం గట్టిగా చెప్పడం హిస్టరీ సార్ నేర్పుతున్నారుగా. దానికి మళ్ళీ ఇంకో పీరియడ్ ఎందుకు?"

ఖాళీ మాస్టారు గడ్డం గోక్కున్నాడు. ఇనుప ఊచల వెనక తన భార్యకు ఇలాంటి ముసలాయన ఎప్పుడైనా తగిలాడా అని ఆలోచించాడు. గంట కొట్టింది. ఎవరూ లేవలేదు, ఆయన కూడా.

"అంటే నువ్వనేది, గెలవడం కోసం మనసులో లేని మాట చెప్పకూడదు..." అని మొదలుపెట్టాడు.

"కాదు సార్, నేనన్నది అది కాదు" అంది సైరన్. "మళ్ళీ చెప్పండి."